ఎనిమిదో తీగ

నల్లగొండ బస్టాండ్ల మైకు ముందల కూసోని
పదకొండేండ్ల సంది ఊర్ల పేర్లు పిలుస్తున్న.
దేవరకొండ, హాలియా, మునుగోడు, నకిరేకల్.
రాత్రి టిఫిన్ డబ్బా కడిగి బోర్లిచ్చినంక
అండాలును అవతల వెట్టి
రాగసుధనైత.

రాగసుధ నవలల వాన పడితే వీణ మోగుతది.
పిలగాడు తప్పకుంట వయొలిన్ వాయిస్తడు,
పిల్ల తప్పకుంట మేడ మీద ఆగి వింటది.
మా గల్లీల మేడ మీద ఆగితే వినొచ్చేది
నీళ్ల ట్యాంకు పొర్లిన సప్పుడు,
దాని ఎనుక పక్కింటోళ్ల తిట్లు.
అది నేను రాయలే.

నిజం జెప్తున్న,
వీణను నేను చూసింది క్యాలెండర్ల,
సరస్వతమ్మ ఒడిల.
మోహనం పేరు బాగుందని మొదటి ముద్దుకు వెట్టిన.
శివరంజని ఎడబాటుకు.
కల్యాణి, ఇగ చెప్పేదేముంది, ఆఖరి పేజీకి.

పన్నెండు నవలలు గట్లనే గడిచినయి.
పదమూడోదానికి ఒక కార్డు వచ్చింది.

"రాగసుధ గారికి,
నూట పన్నెండో పేజీల మీ అబ్బాయి
కోపం ఆపుకోలేక వీణ ఎనిమిదో తీగ తెంపిండు.
వీణకు ఏడే తీగలు.
తతిమ్మా కథ మంచిగున్నది.
ఇట్లు, సోమనర్సయ్య,
హార్మోనియం రిపేరు, ప్రకాశం బజారు."

మూడు దినాలు ఆ కార్డును
బస్సుల టైంటేబుల్ కింద దాచిన.
నాలుగో దినం డ్యూటీ దిగి
పేరు జెప్పకుంట పోయిన.

దుకాణమంటే ఒక షట్టర్ల సగం.
మిగిలిన సగం గొడుగులు బాగుచేసేటాయనది.
ఏదో ఊరి భజన మండలి పెట్టెను
కడుపు తెరిచి వెట్టుకున్నడు సోమనర్సయ్య.
లోపల వరుసగ ఇత్తడి నాలుకలు,
తిత్తికి ఎలుక కొరికిన బొక్క,
ఏ కాలంనాటియో రెండు జొన్నగింజలు.
"సంగీతం తర్వాత ముచ్చటమ్మా,
ముందుగాల గాలి ఎటు పోతున్నదో చూడాలె" అన్నడు.

ఒక్క నాలుకను ఊడబెరికి
చెవి దగ్గర మీటి, ఎంట్రుకవాసి గీకి,
మళ్ల మీటి, తల అడ్డంగ ఊపి, మళ్ల గీకి,
ఒక్క 'మ' కోసం పావుగంట కూసున్నడు.
నా పిలగాండ్లెవరూ
పావుగంట దేనికీ ఆగలే.
పల్లవి అయ్యేలోపే ప్రేమించిండ్రు.

"నవలలు చదువుతవా అన్నా?"
"నేనేడ? ఆమె చదివేది.
కిరాయికి తెచ్చి, గా స్టూల్ మీద కూసోని, పైకి.
నేను పని చేసుకుంట వినేది.
పాట కాడ తప్పు వస్తే నేను నవ్వేది,
కార్డు రాస్త ఉండుమనేది ఆమె.
ఎన్నడూ రాయలే."
నాలుకను దాని ఇంట్ల పెట్టి
మర బిగిచ్చుకుంట అన్నడు,
"ఆఖరుది నూట పదకొండు దాక చదివింది.
ఏడాదయినంక, మిగిలింది నేనే కూడబలుక్కున్న.
తప్పు దొరికింది.
అందుకే రాసిన."

స్టూల్ మీద ఎవరిదో చిరిగిన గొడుగు ఉన్నది.
నేను నిలబడే ఉన్న.

పోతుంటే అడిగిండు, ఏం పని జేస్తవమ్మా అని.
బస్టాండ్ల మైకు అన్న.
"నువ్వేనా! దానికి మర ఒకటి వదులున్నది.
దేవరకొండ అన్నప్పుడల్లా గరగరమంటది.
ఎన్నేండ్ల సంది చెప్పాలనుకుంటున్న."

పద్నాలుగో నవల మొదలువెట్టిన.
ఇరవై పేజీలయినా ఎవరూ ఏం వాయిస్తలేరు.
ఒకామె చదువుతున్నది, ఒకాయన వింటున్నడు.
"సంగీతం ఏది మేడం, మీ పాఠకులు అడుగుతరు"
ఫోన్ల వారపత్రికాయన తొందర.
వస్తది సార్,
గాలి ఎటు పోతున్నదో చూస్తున్న అన్న.

ఇయ్యాల పొద్దుగాల
ఇంటికెల్లి స్క్రూడ్రైవర్ తీస్కపోయి
మైకు మర బిగిచ్చిన.
దేవరకొండ అని పిలిచిన.
కొంచెం ఆగిన.
ఎవ్వరూ తల ఎత్తి చూడలే.
రెండో ప్లాట్‌ఫారం మీది బస్సు
జనాన్ని నింపుకొని కదిలింది.